బస్సు మీద పేరు మీది, ఆర్‌సీ ఎవరిది?

ప్రశ్న: మాది విజయవాడ. మందుల హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్లకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. ఏడుగురం ఉన్నాం, అందులో ప్రోగ్రామర్లు ఇద్దరే. 240 మంది కస్టమర్లు, ఒక్కొక్కరు ఏడాదికి 18,000 కడతారు. టాలీతో కలపమని దాదాపు అందరూ అడుగుతున్నారు. బిల్లు వాట్సాప్‌లో వెళ్లాలని సగం మంది. గూగుల్ షీట్లు, జోహో బుక్స్ (ఇంటర్నెట్‌లో నడిచే అకౌంట్ల సాఫ్ట్‌వేర్) కావాలన్నవాళ్లు కలిపి ఓ 40 మంది ఉంటారు. ఈమధ్య ఒక కంపెనీవాళ్లు వచ్చారు. 400 యాప్‌ల ఇంటిగ్రేషన్లు, అంటే ఆ యాప్‌లతో కలిపే ఏర్పాట్లు, రెడీగా ఉన్నాయట, మా సాఫ్ట్‌వేర్ లోపలే మా లోగోతో, మా రంగులతో కనిపిస్తాయట, వాళ్ల పేరు ఎక్కడా రాదట. ఏడాదికి 9 లక్షలు. నెలాఖరులోగా సంతకం పెడితే 20 శాతం తగ్గింపు. మా తమ్ముడేమో "ఎన్8ఎన్ అని యాప్‌లను కలిపే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, మన సర్వర్‌లో పెట్టుకుని మన లోగో వేసేద్దాం" అంటున్నాడు. నిర్ణయం తేలక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, విజయవాడ

సమాధానం:

మీరు విజయవాడవారు కాబట్టి ఆటోనగర్ నుంచే మొదలుపెడతాను. ట్రావెల్స్ బస్సుకు ఛాసిస్ ఒక కంపెనీది, బాడీ ఆటోనగర్‌లో ఇంకొకరు కట్టింది, సీట్లు మరొకరివి. కానీ పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉండేది ట్రావెల్స్ పేరే. అర్ధరాత్రి సూర్యాపేట దగ్గర బస్సు ఆగిపోతే ప్రయాణికులు ఛాసిస్ కంపెనీకి ఫోన్ చేయరు, టికెట్ మీద ఉన్న నంబరుకే చేస్తారు. వేరేవాళ్లు తయారుచేసిన ఇంటిగ్రేషన్ మీ సాఫ్ట్‌వేర్‌లో మీ పేరుతో నడిచినా ఇంతే. ఇందులో తప్పేమీ లేదు, ఇవాళ చాలా పెద్ద కంపెనీలు కూడా ఇలాగే చేస్తున్నాయి. నేను అడిగేది వేరే ప్రశ్న. బస్సు మీద పేరు మీది సరే, ఆర్‌సీ ఎవరి పేరున ఉంది?

ఇంటిగ్రేషన్లలో ఆర్‌సీ లాంటిది ఒకటుంది. మీ కస్టమర్ తన గూగుల్ ఖాతానో, జోహో ఖాతానో మీ సాఫ్ట్‌వేర్‌కు కలిపేటప్పుడు ఒక అనుమతి పేజీ వస్తుంది. "ఫలానా యాప్ మీ ఫైళ్లను చూడాలనుకుంటోంది, అనుమతిస్తారా?" అని అడుగుతుంది. దీని వెనక ఉన్న పద్ధతి పేరు ఓ-ఆత్ 2.0, 2012 నుంచి ప్రమాణంగా ఉంది. ఆ "ఫలానా యాప్" అన్నచోట ఏ పేరు కనబడుతుందనేది మీరు వేసిన లోగోను బట్టి ఉండదు. గూగుల్ దగ్గరో జోహో దగ్గరో ఆ యాప్‌ను ఎవరు రిజిస్టర్ చేశారో వాళ్ల పేరే కనబడుతుంది. చాలా ఇంటిగ్రేషన్ కంపెనీలు మొదట్లో తమ రిజిస్ట్రేషన్‌నే వాడుకోమంటాయి, ఎందుకంటే అలా అయితే పది నిమిషాల్లో డెమో చూపించవచ్చు. మీ లోగో, మీ రంగులు చూసి సంబరపడతాం. తీరా "కనెక్ట్" నొక్కగానే అక్కడ ఎవరిదో పేరు.

ఇది నాకు స్వయంగా జరిగింది. హైదరాబాద్‌లో జీతాల సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో ఉన్నప్పుడు ఇలాగే ఒకరి ఇంటిగ్రేషన్లు తీసుకున్నాం. విడుదల చేసిన రెండో రోజు వరంగల్ నుంచి ఒక అకౌంటెంట్ గారు ఫోన్ చేశారు. "మీ సాఫ్ట్‌వేర్ హ్యాక్ అయినట్టుంది, ఎవరో మా గూగుల్ ఖాతా అడుగుతున్నారు" అని కంగారుపడ్డారు. ఆయన చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. తెలియని పేరు కనబడితే ఆగిపోవాలని మనమే అందరికీ చెబుతాం. ఏడాదిన్నర తర్వాత అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. వాళ్లు ధర పెంచారు, మేం మారదామనుకున్నాం. అప్పుడు తెలిసింది, మా కస్టమర్లు ఇచ్చిన అనుమతులన్నీ వాళ్ల రిజిస్ట్రేషన్‌కే కట్టుబడి ఉన్నాయని. ఓ-ఆత్‌లో అనుమతి టోకెన్ (కస్టమర్ సరేనన్నాక యాప్‌కు అందే డిజిటల్ తాళంచెవి) ఏ యాప్‌కు ఇచ్చారో ఆ యాప్‌కే చెల్లుతుంది, ఇంకొకరికి మార్చి ఇవ్వడం కుదరదు. 62 మంది కస్టమర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్లీ కనెక్ట్ చేయించాం. ఐదు వారాలు పట్టింది. 11 మంది మళ్లీ కనెక్ట్ చేయనే లేదు.

కాబట్టి ఎవరి దగ్గర ఏం కొన్నా, కొనకపోయినా, గూగుల్, జోహో, వాట్సాప్ నడిపే మెటా, ఎక్కడైనా సరే యాప్ రిజిస్ట్రేషన్ మీ కంపెనీ పేరుతో, మీ డొమైన్ (వెబ్ చిరునామా) మీద ఉండాలి. అమ్మకానికి వచ్చినవారిని మొట్టమొదట అడగాల్సింది ఇదే: మా సొంత రిజిస్ట్రేషన్‌తో నడుపుతారా? అనుమతి తర్వాత వెనక్కి వచ్చే చిరునామా మా డొమైన్ మీద ఉంటుందా? రేపు మేం వెళ్లిపోతే టోకెన్లు మాకు అప్పగిస్తారా? మూడింటికీ అవునని ఒప్పందంలో రాసిస్తేనే మిగతా మాటలు. డొమైన్ గురించి గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. యాప్‌ను గూగుల్ తనిఖీ చేసేటప్పుడు అందులో వాడిన డొమైన్లు మీవేనని మీరు నిరూపించుకోవాలి. వేరేవారి డొమైన్‌ను మీరెలా నిరూపిస్తారు?

"మా పేరు ఎక్కడా రాదు" అన్నమాటకు ఇంకో సవరణ. వాళ్ల పేరు రాకపోవచ్చు గానీ గూగుల్ పేరు, మెటా పేరు వచ్చి తీరతాయి. గూగుల్ తన లాగిన్ పేజీని ఐఫ్రేమ్‌లో, అంటే మీ పేజీ లోపల ఒక చట్రంలో, పెట్టి చూపించనివ్వదు. మొబైల్ యాప్ లోపలే తెరుచుకునే బ్రౌజర్ (వెబ్‌వ్యూ)లో తెరిచినా 2021 నుంచి అడ్డుకుంటోంది. మంచిదే. పాస్‌వర్డ్ ఎక్కడ కొడుతున్నామో మనిషికి తెలియాలి. మీ డిజైనర్‌తో ముందే చెప్పండి, ఆ ఒక్క అడుగు బయటి విండోలోనే జరుగుతుందని. లేకపోతే స్క్రీన్లన్నీ గీశాక మళ్లీ గీయాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. ఎన్8ఎన్ మంచి పనిముట్టు. మీ ఆఫీసు లోపలి పనులకు వాడుకోండి, లైసెన్సు అనుమతిస్తుంది. కానీ దాని కోడ్ అందరికీ కనబడినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. దాని లైసెన్సులో స్పష్టంగా రాసి ఉంది: దానిమీద మీ లోగో వేసి కస్టమర్లకు డబ్బుకు ఇవ్వడం కుదరదు, అలా చేయాలంటే వాళ్లతో విడిగా ఒప్పందం చేసుకోవాలి. కస్టమర్ల ఖాతాల వివరాలు తీసుకుని దానిద్వారా వాళ్ల డేటా తెచ్చుకోవడం కూడా ఆ నిషేధంలోనే ఉంది. సరిగ్గా మీరు చేద్దామనుకుంటున్నది అదే. తమ్ముడికి కోపం రాకుండా లైసెన్సు పేజీ ఒకసారి ఆయన చేతే చదివించండి.

ఇక 9 లక్షల లెక్క. తగ్గింపు పోను 7,20,000. మీ ఏడాది రాబడి 240 మందికి 18,000 చొప్పున 43,20,000. అంటే రాబడిలో ఆరో వంతు. 400 యాప్‌లు ఉన్నాయన్నారు గానీ మీవాళ్లు అడిగింది నాలుగు. అందులో టాలీ సంగతి వేరు, కింద చెబుతాను. వాట్సాప్‌కు నేరుగా దారి ఉంది. మిగిలింది షీట్లు, జోహో బుక్స్ అడిగిన 40 మంది. 7,20,000ను 40 మందికి పంచి చూడండి, తలా 18,000. ఒక మనిషి మీకు ఏడాదికి కట్టేదంతా ఆ కనెక్షన్‌కే పోతుంది. ఈ లెక్క మీరు కాగితం మీద వేసి ఉంటే టెన్షన్ సగం తగ్గేది.

టాలీ దగ్గర కాస్త ఆగుదాం. మీ కస్టమర్లకు నిజంగా కావాల్సింది అదే, క్లౌడ్ యాప్‌లను కలిపే వేదికలకు కొరుకుడు పడనిదీ అదే. జోహో బుక్స్ ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఏ సర్వర్ నుంచైనా దాన్ని పలకరించవచ్చు. టాలీప్రైమ్ అలా కాదు. అది డిస్ట్రిబ్యూటర్ కౌంటర్ వెనక ఉన్న కంప్యూటర్‌లోనో, ఆడిటర్ గారి ఆఫీసులోనో ఉంటుంది. బయటి ప్రోగ్రామ్‌తో అది ఎక్స్ఎంఎల్ అనే ఫార్మాట్‌లో మాట్లాడుతుంది, మామూలుగా 9000 పోర్టు మీద. అయితే టాలీ తెరిచి ఉండాలి, ఆ కంపెనీ లోడ్ అయి ఉండాలి, కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి. ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న కనెక్టర్ ఆ షాపు రౌటర్ దాటి లోపలికి రాలేదు. అందుకని ఆ కంప్యూటర్‌లోనే ఒక చిన్న విండోస్ ప్రోగ్రామ్ పెట్టాలి. అది లోపలి నుంచి బయటికి మీ సర్వర్‌ను అడుగుతూ ఉండాలి: కొత్త బిల్లులున్నాయా, ఉంటే ఇవ్వు, టాలీలో వేస్తాను అని. వచ్చిన అమ్మకందారును స్లైడ్లు ఆపి, మీ కస్టమర్ ఒకరి కంప్యూటర్‌లో ఉన్న టాలీలోకి ఒక్క అమ్మకం బిల్లు వేసి చూపించమనండి. సగం చర్చ అక్కడే తేలిపోతుంది.

ఈ ప్రోగ్రామ్ మీ ఇద్దరు ప్రోగ్రామర్లే రాయగలరు. కష్టం కోడ్‌లో కంటే పేర్లలో ఉంటుంది. బయటి నుంచి వచ్చిన బిల్లును టాలీ లెడ్జర్ పేరుతో పోల్చుకుంటుంది. మీ దాంట్లో "శ్రీ లక్ష్మీ మెడికల్స్" అని, టాలీలో "శ్రీలక్ష్మి మెడికల్ స్టోర్స్, గుడివాడ" అని ఉంటే రెండూ ఒకటేనని దానికి తెలియదు. మొదటి రోజే రెండు జాబితాలూ పక్కపక్కన చూపించి, కస్టమర్ చేతే జతలు కలిపించే స్క్రీన్ ఒకటి పెట్టండి. రెండో కష్టం, ఒకే బిల్లు రెండుసార్లు పడటం. నెట్ మధ్యలో పోతుంది, ప్రోగ్రామ్ మళ్లీ పంపుతుంది, అమ్మకం రెట్టింపు అవుతుంది, అది ఆడిటర్ గారికి ఏడాది చివర్లో దొరుకుతుంది. ప్రతి బిల్లుకూ మీ వైపు నుంచి ఒక మారని గుర్తు ఉండాలి, ఒకసారి వేసింది మళ్లీ వేయకుండా దాంతో చూసుకోవాలి.

మూడోది మీ వ్యాపారానికే ప్రత్యేకం. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కొన్ని ప్రాణరక్షక మందులకు సున్నా అయింది. ఆ వారం మీ ఫోన్లు ఎలా మోగి ఉంటాయో ఊహించగలను. ఏ రేటు ఏ టాలీ లెడ్జర్‌కు వెళ్లాలన్న జత వేరే కంపెనీ సర్వర్‌లో, వాళ్ల ఇంజనీర్ మాత్రమే మార్చగలిగేలా ఉంటే ఆ వారం మీరు ఏం చేసేవారు? పైగా పాత బిల్లు మీద తిరిగి వచ్చే సరుకుకు పాత రేటే వేయాలి కాబట్టి రెండు జతలూ కొంతకాలం పక్కపక్కన నడవాలి. ఇలాంటి వ్యాపార నియమాలు ఎప్పుడూ మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచుకోండి. బయటివారికి ఇస్తే గిస్తే రవాణా పని ఇవ్వండి, లెక్క ఇవ్వకండి.

వాట్సాప్ విషయంలో "మీ బ్రాండ్" అన్నమాటే తప్పుదారి పట్టిస్తుంది. గుడివాడలోని మందుల షాపుకు బిల్లు ఎవరి పేరుతో వెళ్లాలి? మీ సాఫ్ట్‌వేర్ పేరుతో కాదు, డిస్ట్రిబ్యూటర్ పేరుతో. మెటా 2022లో వాట్సాప్ క్లౌడ్ ఏపీఐని (ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారి) అందరికీ తెరిచింది. ఎంబెడెడ్ సైనప్ అనే పద్ధతితో మీ సాఫ్ట్‌వేర్ లోంచే మెటా విండో తెరుచుకుని, డిస్ట్రిబ్యూటర్ తన నంబరును తానే కలుపుకోవచ్చు. బిల్లు, బాకీ గుర్తుచేసే సందేశాల నమూనాలకు మెటా ముందే ఆమోదం ఇవ్వాలి. షాపువాళ్లు తిరిగి మెసేజ్ పెడితే 24 గంటల దాకా మామూలుగా జవాబివ్వవచ్చు, ఆ తర్వాత మళ్లీ ఆమోదించిన నమూనానే. 2025 జూలై నుంచి ఈ నమూనా (టెంప్లేట్) మెసేజ్‌లకు ఒక్కోదానికి ఇంత అని ఛార్జీ పడుతోంది. అది డిస్ట్రిబ్యూటర్ ఖాతా నుంచి పోయేలా పెట్టుకోండి. మీరు కట్టి తర్వాత వసూలు చేద్దామనుకుంటే బాకీలు తిరగడమే మీ పనవుతుంది.

గూగుల్ షీట్లకు ఒక చిన్న కిటుకు. గూగుల్ డ్రైవ్ మొత్తం చూసే అనుమతి అడిగితే అది ఆంక్షలున్న (రిస్ట్రిక్టెడ్) వర్గంలోకి వస్తుంది. ఆ డేటా మీ సర్వర్ల గుండా వెళ్తే ఏటా బయటివారితో భద్రతా తనిఖీ చేయించుకోవాలి, ఖర్చు మీదే. దానికి బదులు, మీ యాప్ సృష్టించిన ఫైళ్లు, కస్టమర్ ఎంచి ఇచ్చిన ఫైళ్లు మాత్రమే ముట్టుకునే డ్రైవ్-ఫైల్ అనుమతి అడగండి. స్టాక్ షీట్‌కు అది చాలు, తనిఖీ బరువు ఉండదు, కస్టమర్‌కూ నమ్మకం. ఇంకొకటి, యాప్‌ను గూగుల్ దగ్గర టెస్టింగ్ స్థితిలోనే వదిలేస్తే టోకెన్లు 7 రోజులకే చచ్చిపోతాయి. సోమవారం బాగా నడిచిన కనెక్షన్లు మళ్లీ సోమవారానికి ఒక్కటీ పనిచేయవు. ఇది తెలియక మావాళ్లు రెండు రాత్రులు నిద్ర మానుకుని కోడ్ వెతికారు. మీవాళ్లు ఆ పని చేయకూడదనే రాస్తున్నాను.

జోహో బుక్స్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఏపీఐ బాగానే ఉంటుంది. భారతీయ ఖాతాలు మామూలుగా డాట్ ఇన్ చిరునామా మీద ఉంటాయి, డాట్ కామ్ మీద కాదు, అది చూసుకుంటే చాలు.

మీరు అడగని విషయం ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంటిగ్రేషన్ చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే కస్టమర్ వెంటనే ఫోన్ చేస్తాడు. బిల్లులు టాలీకి వెళ్లడం ఆగితే వారం తర్వాత గాని తెలియదు. మీ పెద్ద కస్టమర్లకు ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతి) ఉండి ఉంటుంది, టర్నోవర్ 5 కోట్లు దాటినవారికి 2023 ఆగస్టు నుంచి తప్పనిసరి. 10 కోట్లు, ఆ పైన ఉన్నవారు 2025 ఏప్రిల్ నుంచి 30 రోజుల్లోపు బిల్లును పోర్టల్‌కు ఎక్కించాలి, గడువు దాటితే పోర్టల్ తీసుకోదు. వాళ్లు ఈ-ఇన్‌వాయిస్‌ను టాలీ నుంచే పంపుతుంటే, ఆ కనెక్షన్ నెల రోజులు మౌనంగా చచ్చిపడి ఉంటే మీ కస్టమర్‌కు నిజమైన నష్టం జరుగుతుంది. అందుకని ప్రతి కనెక్షన్‌కూ మీ స్క్రీన్ మీద మూడు సంగతులు కనబడాలి: ఆఖరుసారి ఎప్పుడు పనిచేసింది, ఎన్ని బిల్లులు ఆగి ఉన్నాయి, ఎందుకు ఆగాయి. ఆ "ఎందుకు" తెలుగులో రాయండి. "ఎర్రర్ 401" అంటే కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయికి ఏం తెలుస్తుంది? "గూగుల్ ఖాతా అనుమతి పోయింది, ఇక్కడ నొక్కి మళ్లీ కలపండి" అంటే తనే చేసుకుంటాడు. బయటివారి ఇంటిగ్రేషన్ తీసుకునేటట్టయితే ఈ లాగ్ మీకు ఏపీఐ ద్వారా అందుతుందా అని అడగండి. వాళ్ల డాష్‌బోర్డులో మాత్రమే చూసుకోవాలంటే ఒప్పుకోవద్దు.

భద్రత గురించి భయపెట్టాలని లేదు, కానీ 2025 ఆగస్టులో జరిగింది మీరు తెలుసుకోవాలి. సేల్స్‌లాఫ్ట్ అనే కంపెనీ నడిపే డ్రిఫ్ట్ అనే చాట్ ఇంటిగ్రేషన్ దగ్గరున్న ఓ-ఆత్ టోకెన్లు దొంగలపాలయ్యాయి. వాటితో వందల కంపెనీలు సేల్స్‌ఫోర్స్ (కస్టమర్ల వివరాలు దాచుకునే క్లౌడ్ సాఫ్ట్‌వేర్)లో పెట్టుకున్న డేటాను లాగేశారు. క్లౌడ్‌ఫ్లేర్, జీస్కేలర్, పాలో ఆల్టో లాంటి భద్రతే వ్యాపారంగా ఉన్నవాళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు. వాళ్ల తాళాలు పగలలేదు, తాళంచెవులు దాచమని ఇచ్చినచోట పోయాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాను ఎవరి కోసం సేకరించారో వారిదే బాధ్యత, మధ్యలో ఎంతమందికి పని అప్పగించినా సరే. భద్రతా ఏర్పాట్లు సరిగా లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండవచ్చు. మీ కస్టమర్ డేటా విషయంలో చట్టం ముందు డిస్ట్రిబ్యూటర్‌ను పట్టుకుంటుంది, ఆయన ఒప్పందం చూపించి మిమ్మల్ని పట్టుకుంటాడు. కాబట్టి వెనక ఎవరున్నారో ప్రకటనల్లో చెప్పనక్కర్లేదు గానీ కస్టమర్‌తో రాసుకున్న కాగితంలో, ప్రైవసీ పేజీలో తప్పక చెప్పండి. దాచడానికి కాదు మనం మన పేరు వేసుకునేది. అలాగే టాలీ, వాట్సాప్ పేర్లను మీ ఉత్పత్తి పేరులో కలిపేయకండి. "టాలీప్రైమ్‌తో కలిసి పనిచేస్తుంది" అని రాయండి, చాలు.

నా సలహా ఇది. నెలాఖరుకు సంతకం పెట్టకండి, తగ్గింపు పోతే పోనివ్వండి. మూడు నెలలు ఒక ప్రోగ్రామర్‌ను టాలీ మీద కూర్చోబెట్టండి. రెండో వ్యక్తి వాట్సాప్, ఆ తర్వాత షీట్లు చూస్తారు. జోహో బుక్స్ చివరికి. ఎవరో ఒకరి పనిగా పెట్టండి, గూగుల్, మెటా పంపే మార్పుల ఉత్తరాలు చదవడం. మెటా తన ఏపీఐ వెర్షన్‌ను కనీసం రెండేళ్లు నడుపుతుంది గానీ ఆ తర్వాత పాతది ఆగిపోతుంది, కట్టి వదిలేసే పని కాదిది. టాలీ కనెక్షన్‌కు విడిగా డబ్బు తీసుకోండి. నెలకు 300 పెట్టినా 240 మందిలో సగం మంది తీసుకుంటే ఏడాదికి 4,32,000. అడిగినవాళ్లు ఇస్తారు, ఎందుకంటే ఇప్పుడు అదే పనికి ఒక మనిషి రోజూ సాయంత్రం కూర్చుని బిల్లులు మళ్లీ కొడుతున్నాడు.

రేపు మీరు మందుల డిస్ట్రిబ్యూటర్లను దాటి ఆసుపత్రులకో, వేరే దేశాలకో అమ్మడం మొదలుపెట్టి, ఒక్కొక్కరు ఒక్కో అకౌంటింగ్, ఒక్కో సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) అడిగితే నా సమాధానం మారుతుంది. 15 రకాల యాప్‌లను ఇద్దరు మనుషులు సంబాళించలేరు, అప్పుడు అద్దెకు తీసుకోవడమే సరైన పని. అందుకే ఆ వచ్చిన కంపెనీవారితో తెగతెంపులు చేసుకోకండి. పై మూడు ప్రశ్నలూ మెయిల్‌లో పంపండి, రాతపూర్వకంగా జవాబు అడగండి. కనెక్ట్ అయిన కస్టమర్ల సంఖ్యను బట్టి ధర ఇస్తారేమో, ఒక్క కస్టమర్‌తో నెల రోజులు నడిపి చూపిస్తారేమో అడగండి. ఆ ఒక్క కస్టమర్‌గా మీకు అందరికంటే ఎక్కువ ఫోన్లు చేసే వారిని ఎంచుకోండి. వాళ్ల జవాబులు వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఒప్పందంలో ఏ మాట ఎక్కడ ఉండాలో కలిసి చూద్దాం.